దెబ్బల లెక్క
(పునాది గుంజలను దిగగొట్టు హైడ్రాలిక్ సమ్మెటను గూర్చి సారపాకలో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మనము కూడియున్న ఈ సారపాక నుండి నాలుగడుగులు ఏటివైపు నడచినచో గోదావరిపై రెండు వంతెనలు కనబడును. మొదటిది 1965వ సంవత్సరమున నాటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ప్రారంభించినది. రెండవది 2015లో శంకుస్థాపన జరిగి 2024లో రాకపోకలకు తెరువబడినది. మొదటి వంతెన లేని దినములలో ఇటునుండి భద్రాద్రి రాముని దర్శనమునకు పోవువారు పడవలనే నమ్ముకొని పోవలసి వచ్చెడిదని మీ పెద్దలు చెప్పగా వినియే యుందురు.

వంతెనను చూడవచ్చిన వారు దాని పొడవును మెత్తురు, వరుసగ నిలిచిన స్తంభములను మెత్తురు. స్తంభము అడుగున ఏమున్నదని అడుగువారు బహు అరుదు. 1986 ఆగస్టు నెలలో భద్రాచలము వద్ద నీటిమట్టము 75.6 అడుగులకు చేరినది. 2022 జూలైలో 71.3 అడుగులకు చేరినది. మూడవ ప్రమాద హెచ్చరికను 53 అడుగుల వద్దనే ఇత్తురని మీకు తెలియును. 2022లో వంతెనపై రాకపోకలను సహితము ఆపవలసి వచ్చినది. అంతటి ప్రవాహము వచ్చి తగిలినప్పుడు వంతెన నిలుచుట పైన కనబడు కాంక్రీటు వలన మాత్రమే కాదు. కంటికి కనబడని పునాదియే దానిని పట్టియుంచును.

మా శాఖవారు సభలకు వచ్చినచో పథకములను గూర్చి మాటలాడుట వాడుక. నేడు మేము ఒక యంత్రమును గూర్చి మాటలాడ వచ్చితిమి. అందుకు కారణమున్నది. వాగుమీద వంతెన గాని, ఎత్తయిన నీటి ట్యాంకు గాని, మెత్తని నేలపై పెద్ద కట్టడము గాని మీ గ్రామమునకు మంజూరయినప్పుడు, నేలపైకి లేచిన భాగమును మీరు ఎప్పుడైనను పరీక్షింపవచ్చును. గోడ బీటలు వారిన కనబడును. గచ్చు లేచిన కనబడును. నేలలోనికి దిగిన దానిని మాత్రము దిగుచున్న దినముననే చూడవలెను. మరునాడు చూతమన్న వీలుపడదు. ఆ దినమున ఏమి చూడవలెనో, ఏమి అడుగవలెనో తెలిసినవారు ఊరికి ఇద్దరైనను ఉండవలెనని మా కోరిక.

నదిలో పునాది వేయుటకు ముఖ్యముగ రెండు మార్గములున్నవి. ఒకటి మీకందరకును తెలిసినదే. ఇసుక నేలలో నుయ్యి త్రవ్వునప్పుడు మీరు ఏమి చేయుదురు? పైన ఒర నుంచి, లోపలి ఇసుకను తోడుచుండగా ఒర తన బరువుతో తాను దిగును. దానిపై మరియొక ఒర, దానిపై వేరొకటి. గోదావరిపై పెద్ద వంతెనల స్తంభములకు ఈ విద్యయే ఆధారమైనది. రాజమహేంద్రవరము వద్ద 1897లో మొదలై 1900లో పూర్తియైన హేవలాక్ వంతెనకు నదిలో పెద్ద పెద్ద బావులను దింపి, వాటిపై రాతి స్తంభములను లేపిరి. అంతకు ముందే 1847 నుండి 1852 వరకు ధవళేశ్వరము ఆనకట్ట కట్టినప్పుడు కాటన్ దొర ఇసుకలో బావులను దింపి వాటిపై కట్టుబడి చేయించెను. ఆ నేర్పు ఇంగ్లండు నుండి వచ్చినది కాదు. మన దేశపు పనివారి చేతులలో ఉన్నది.

రెండవ మార్గము గుంజ నాటుట. పందిరి రాట, కంచె గుంజ, పశువును కట్టు గుంజ, ఇవన్నియు చిన్నవి. కాంక్రీటుతోగాని ఉక్కుతోగాని చేసి, పది, ఇరువది, ముప్పది మీటర్ల లోతునకు దిగగొట్టు గుంజను ఇంజనీర్లు పైలు అందురు. మనమును ఆ మాటనే వాడుదము.

పైలు బరువును మోయుట రెండు విధములు. అడుగున గట్టినేల దొరికిన దాని కొన అచ్చట ఆనుకొని మోయును. దొరకకున్నను, చుట్టునున్న మన్ను దాని ఒంటిని పట్టుకొనియుండుటచేత మోయును. పాతిన గుంజను పైకి పెరుకబోయినప్పుడు మీ చేతికి తెలియు పట్టే అది. అరమీటరు వ్యాసముతో ఇరువది మీటర్లు దిగిన పైలు ఒంటి వైశాల్యము లెక్కగట్టిన 31 చదరపు మీటర్లు దాటును. రెండు మంచి గదుల నేలంత వైశాల్యమున మన్ను దానిని నలుదిక్కుల నుండి అదిమి పట్టుకొనియున్నదన్నమాట. ఈ పట్టు మాటను గుర్తుంచుకొనుడు. చివర దానితో పనియున్నది.

ఇక దిగగొట్టుట యెట్లు? మన ఊళ్ళలో నేలను గట్టిపరచుటకు దిమ్మిస వాడుదురు. బరువు నెత్తుదురు, విడుతురు. కొన్ని వందల సంవత్సరములు ప్రపంచమంతటను పైళ్ళను దించినది ఈ పద్ధతియే. మూడుకాళ్ళ కొయ్యపై కప్పీ కట్టి, పదిమందియో ఇరువదిమందియో తాడు లాగి దిమ్మ నెత్తి విడిచెడివారు. పందొమ్మిదవ శతాబ్దమున స్కాట్లండు దేశస్థుడగు జేమ్స్ నాస్మిత్ ఆవిరితో నడచు సమ్మెటను కల్పించెను. 1845లో ఇంగ్లండునందలి డెవన్‌పోర్టు నౌకాశ్రయమున పాత పద్ధతికిని దీనికిని పందెము పెట్టిరి. ఒకే కొలతగల రెండు పైళ్ళలో ఒకదానిని ఆవిరి సమ్మెట నాలుగున్నర నిమిషములలో దించినది. రెండవదానిని దించుటకు పాత పద్ధతివారికి పన్నెండు గంటలకు పైగా పట్టినది.

ఆవిరి తరువాత డీజిల్ సమ్మెట వచ్చినది. దాని గొట్టములోనే నూనె మండి దిమ్మను పైకెగురగొట్టును. చవుకయైనది, బలమైనది, కాని పొగ చిమ్మును, నూనె చిందించును, చెవులు చిల్లులు పడునట్లు మ్రోగును. మెత్తని నేలలో దానికి మరొక లోపమున్నది. పైలు సులభముగ దిగిపోవుచున్నప్పుడు దిమ్మకు ఎదురు దెబ్బ చాలక యంత్రము ఆగిపోవును. సమ్మెటకు ఎంత కావలెనో అంతే దెబ్బ కొట్టుమని చెప్పుటకును వీలు తక్కువ. ఈ లోపములను తొలగించుటకే 1970వ దశకము నుండి హైడ్రాలిక్ సమ్మెటలు వాడుకలోనికి వచ్చినవి.

హైడ్రాలిక్ అను మాట వినుటకు కొత్తగనున్నను వస్తువు కొత్తది కాదు. మీ ట్రాక్టరు వెనుక నాగలిని పైకెత్తునది హైడ్రాలిక్కే. జేసీబీ చేయి మడచి చాపునది హైడ్రాలిక్కే. మూతవేసిన పాత్రలోని ద్రవముపై ఒకచోట ఒత్తిడి పెట్టిన అది తగ్గక అన్ని వైపులకును ప్రాకునని పదునేడవ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు పండితుడగు పాస్కల్ చెప్పెను. 1795లో ఇంగ్లండున బ్రామా అనునతడు ఆ సూత్రముతో ప్రెస్సు యంత్రము చేసెను. చదరపు సెంటీమీటరునకు 200 కిలోల ఒత్తిడిగల నూనెను, 100 చదరపు సెంటీమీటర్ల వైశాల్యముగల ముషలకము క్రిందికి పంపితిరనుకొనుడు. అది 20 టన్నుల బలముతో పైకి లేచును. ముషలకమనగా పిచికారీలో లోపలికి బయటికి ఆడు కాడవంటిది.

హైడ్రాలిక్ సమ్మెటలో రెండు భాగములు వేరువేరుగ నుండును. నేలమీద ఇంజనుతో తిరుగు పంపు ఒకటి. పవర్ ప్యాక్ అందురు. దానినుండి బొటనవ్రేలి కంటె లావైన రబ్బరు గొట్టములు బయలుదేరి, క్రేను పట్టియుంచిన సమ్మెటకు పోవును. సమ్మెట అనగా ఉక్కు పంజరము. అందులో నున్న ఉక్కు దిమ్మ ఒక ముషలకపు కాడకు తగిలించియుండును. నూనె ముషలకము క్రిందికి వచ్చును, దిమ్మ లేచును. కావలసిన ఎత్తునకు చేరగనే కవాటము తెరచుకొనును. నూనె దారి మళ్ళును, దిమ్మ పడును. కవాటము మరల మూయును, దిమ్మ మరల లేచును. నిమిషమునకు ముప్పది నలుబది సార్లు ఈ వరుస జరుగును. దిమ్మ తన బరువుతోనే పడునవి కొన్ని. పడునప్పుడు పైనుండి నూనెగాని వాయువుగాని త్రోయునవి మరికొన్ని. ఇట్టివానికి తక్కువ ఎత్తు చాలును.

10 టన్నుల దిమ్మ ఒక మీటరు ఎత్తునుండి పడినదనుకొందము. 50 కిలోల బియ్యపు బస్తాలు రెండువందలు ఒకటిగ కట్టి, మొలఎత్తు నుండి ఒక్కమారు విడిచినంత దెబ్బ అది. ఈ యంత్రపు గొప్పతనము దెబ్బ పెద్దదగుటలో లేదు. ఆవిరి సమ్మెటయు పెద్దదెబ్బే కొట్టినది. ఎత్తును నడిపించువాడు మీటతో మార్చవచ్చును. ప్రతి దెబ్బకు దిమ్మ ఎంత వేగముతో పడినదో యంత్రమే కొలిచి వ్రాసికొనును. మొదటి మెత్తని పొరలలో జానెడు ఎత్తు, గట్టినేల తగిలిన పిమ్మట పూర్తి ఎత్తు, ఇట్లు నడుపవచ్చును. దెబ్బకొక లెక్క యుండుటయే దీని విశేషము.

దెబ్బను తగ్గించుటతో ఏమి పనియని మీకు తోచవచ్చును. చిన్న సుత్తితో ఎత్తునుండి బాదిన గుంజ తల ఏమగును? చిట్లి పువ్వువలె విచ్చుకొనును. బరువైన దానితో కొద్ది ఎత్తునుండి కొట్టిన గుంజ దిగును, తల నిలుచును. అందుచేతనే పైలు తలపై ఉక్కు టోపీ పెట్టి, టోపీకిని కాంక్రీటునకును నడుమ చెక్క పలకల మెత్త వేయుదురు. ఆ చెక్క నలిగి నల్లబడిన పిమ్మట మార్చక పని సాగించుచున్న మేస్త్రీని చూచినచో మీరు ఊరకుండవలదు. అది పొదుపు కాదు.

ఇంకొక అపాయము కంటికి కనబడదు. దెబ్బ తలపై పడగనే పైలు అంతయు ఒక్కసారి కదలదు. దెబ్బ ఒక అలవలె సెకనుకు సుమారు 4000 మీటర్ల వేగముతో కాంక్రీటులో క్రిందికి పరుగెత్తి, కొనను తాకి వెనుకకు మరలును. ఇరువది మీటర్ల పైలులో ఈ రాకపోకలకు సెకనులో నూరవవంతు పట్టును. అడుగున నేల మెత్తగ నున్నచో ఆ మరలివచ్చు అల పైలును సాగదీయును. నొక్కుటకు ఓర్చునంతగ కాంక్రీటు సాగదీయుటకు ఓర్వదు. నడుమ అడ్డముగ పగులును. అటువంటి పగులును ఎవరు చూతురు? నేలలోపల ఇనుపచువ్వ తుప్పుపట్టుటయే దానికి సాక్ష్యము. కావున మెత్తని నేలలో పెద్ద దెబ్బలు వేయించుట తొందరపాటు. పైలు తలవద్ద కొలత యంత్రములను బిగించి ఈ అలను చదువు పద్ధతియు నేడు కలదు. పెద్ద పనులలో కొన్ని పైళ్ళకైనను దానిని చేయింతురు.

ఇక అసలు విషయమునకు వచ్చుచున్నాము. పైలు చాలినంత దిగినదని ఎట్లు తెలియును? మీరు గుంజ నాటునప్పుడు తెలిసికొనునట్లే. మొదట దెబ్బకు జానెడు దిగును, పిమ్మట బెత్తెడు, పిమ్మట అంగుళము. చివరకు ఎంత కొట్టినను కదలనట్లుండును. పైలు విషయమున ఈ తెలివిని కొలతగ మార్చిరి. చివరి పది దెబ్బలకు పైలు ఎన్ని మిల్లీమీటర్లు దిగినదో వ్రాయుదురు. దీనిని సెట్ అందురు. పది దెబ్బలకు 25 మిల్లీమీటర్లు దిగినచో దెబ్బకు రెండున్నర. దిమ్మ బరువు, ఎత్తు, సెట్, ఈ మూడును తెలిసిన ఇంజనీరు పైలు ఎన్ని టన్నులు మోయునో అంచనా కట్టగలడు. ఈ మూడింటిలో ఒకటి తప్పైన అంచనా అంతయు తప్పే.

సెట్ కొలుచుట చూడముచ్చటగ నుండును. పైలుకు ఒక కాగితము అంటింతురు. ప్రక్కన పైలును తాకక నిలిచిన అడ్డచెక్కపై పెన్సిలు నానించి, దెబ్బలు పడుచుండగ నెమ్మదిగ ప్రక్కకు జరుపుదురు. ప్రతి దెబ్బకు గీత క్రిందికి దూకి, కొంత తిరిగి పైకి లేచి నిలుచును. దూకినదానిలో లేచినది పోగా మిగిలినది నిజముగ దిగిన లోతు. కోట్ల రూపాయల యంత్రము ప్రక్కన పావలా పెన్సిలుతో తీసిన ఆ మెట్లమెట్ల గీత కాగితమును చూచినప్పుడెల్ల మాకు ఒక గౌరవము కలుగును.

మా ఉద్యోగపు తొలి దినములలో జరిగిన ఒక సంగతి చెప్పెదము. ఒక వాగుపై చిన్న వంతెన. మేము ఛాయాచిత్రములు తీయించుటకు పోయితిమి. అచ్చట హైడ్రాలిక్ యంత్రము లేదు; వించితో ఎత్తివిడుచు దిమ్మయే. లెక్క చేతితో వ్రాయుచుండిరి. పన్నెండు పైళ్ళు దిగినవని రిజిస్టరు చూపిరి. ప్రతి పైలుకును చివరి పది దెబ్బలకు 20 మిల్లీమీటర్లు. పన్నెండింటికిని అదే అంకె, అదే సిరా. మేము గమనింపలేదు. ఇంజనీరు సంతకము పెట్టబోవుచుండెను. వార్డు సభ్యుడగు ఒక రైతు పుస్తకము లోనికి తొంగిచూచి, "అయ్యా, నా చేను కంచెకు నాలుగు గుంజలు పాతితే నాలుగూ ఒక్కతీరుగ దిగలేదు. ఇవి పన్నెండూ ఒక్కతీరుగ ఎట్లా దిగినయి?" అనెను. నవ్వినవారు నవ్విరి. ఇంజనీరు నవ్వలేదు. పన్నెండు పైళ్ళను మరల కొట్టి చూపుమనెను. పదింటికి ఇబ్బంది లేకపోయినది. రెండు పైళ్ళు పదేసి దెబ్బలకు జానెడు చొప్పున దిగిపోయినవి. వాటిని నిలుచువరకు మరల దించిరి. ఆ రైతు చదివినది ఐదవ తరగతి. పట్టభద్రులమైన మా కంటికి ఆనాడు కనబడినవి ఛాయాచిత్రములు మాత్రమే.

హైడ్రాలిక్ సమ్మెటలో దెబ్బల లెక్కను యంత్రమే వ్రాయునంటిమి. అట్లని పుస్తకము అక్కరలేదని కాదు. యంత్రము దెబ్బ బలమును చెప్పును. దిగిన లోతును సరిచూచువాడు మనిషియే. ఇందులో ఒక మెలకువ కూడ ఉన్నది. బంకమట్టిలో దెబ్బలు పడుచున్నంతసేపు రేణువుల నడుమనున్న నీరు నొక్కుడుపడి మట్టి పట్టు సడలును. పైలు సులభముగ దిగును. పని ఆపిన కొన్ని దినములకు ఆ నీరు సర్దుకొని మట్టి మరల బిగియును. నీటితో నిండిన సన్నని ఇసుకలో దీనికి వ్యతిరేకముగ జరుగవచ్చును: నేడు కదలక మొరాయించిన పైలు వారమునకు సడలియుండవచ్చును. అందుచేత కొన్ని దినములు విడిచి మరల పది దెబ్బలు కొట్టి చూచుట మంచి వాడుక. "దిగిన పైలును మరల కొట్టుచున్నారేమి, డబ్బు వృథా" అని మనలో కొందరు అనుట కద్దు. అది వృథా కాదు.

దెబ్బల లెక్క ఒక్కటియే చాలదని బరువు పెట్టి చూచు పరీక్షయు నియమమై యున్నది. కట్టడములో వాడిన పైలుపై అది మోయవలసిన దానికి ఒకటిన్నర రెట్లు బరువు పెట్టి ఎంత క్రుంగునో కొలుచుదురు. భారతీయ ప్రమాణములలో పైళ్ళకు సంబంధించినది 2911 సంఖ్య గలది. ఆ సంఖ్యను ఉచ్చరించి అడిగినచో మీరు తెలిసినవారని ఎదుటివారు గ్రహింతురు.

సమ్మెటకు చేతకాని చోట్లున్నవి. బండరాయిలోనికి గుంజ దిగదు. పెద్ద గుండ్రాళ్ళున్న వాగులో పైలు కొన ప్రక్కకు ఒరగును. ఇండ్ల నడుమ అదురునకు భయము. ఇట్టిచోట్ల బోరుతో రంధ్రము చేసి, ఇనుపచువ్వల పంజరము దింపి, అడుగునుండి కాంక్రీటు పోయుదురు. మన ప్రాంతమున మీరు ఎక్కువగ చూడబోవునవి ఈ బోరు పైళ్ళే. వీటికి దెబ్బల లెక్క లేదు. కావున ఎన్ని మీటర్లు తవ్విరి, అడుగున ఏ నేల తగిలినది, ఎంత కాంక్రీటు పట్టినది అను లెక్కలనే అడుగవలెను. రంధ్రము పరిమాణము కంటె కాంక్రీటు తక్కువ పట్టినదన్న లోపల మన్ను కూలి చొచ్చుకొనినదని అనుమానింపవలెను. మెత్తని ఇసుక కూలకుండ దింపు ఉక్కు గొట్టమును మాత్రము హైడ్రాలిక్ యంత్రమే దించును. అది కొట్టదు, వణకించును. మేకును ఊపి ఊపి దించినట్లు.

హైడ్రాలిక్ సమ్మెటలలో మిక్కిలి పెద్దవి సముద్రములో పనిచేయును. ఐరోపా సముద్రములలో గాలిమరల కాళ్ళను దించునప్పుడు పుట్టు మ్రోతకు సముద్రజంతువులు బెదరిపోవుచున్నవని, పైలు చుట్టును నీటిలో గాలి బుడగల తెర కట్టుచున్నారు. చమురు వేదికల కాళ్ళను సముద్రపు అడుగునకు బిగించునవియు ఉక్కు పైళ్ళే. గోదావరి సముద్రమున కలియు చోటికి ఎదుట రవ్వ చమురు క్షేత్రపు వేదికలున్నవి. మన రేవును దాటిపోవు ఒండ్రులో కొంత పోయి చేరునది ఆ వైపునకే.

సముద్రజంతువులకే అంత చేయుచున్నప్పుడు మట్టిగోడల ఇండ్లలో నున్న మనుష్యుల మాటేమి? దెబ్బ అదురు నేలలో ప్రాకును. జర్మనీ దేశపు ప్రమాణము, నెమ్మదిగ ఊగు అదురు విషయమున, నివాస గృహపు పునాదివద్ద నేల కదలిక సెకనుకు 5 మిల్లీమీటర్లు మించరాదనును. సున్నితమైన పాత కట్టడములకు 3 మాత్రమే. దీనిని కొలుచు పరికరమును పెట్టుమని గుత్తేదారును అడుగుట తప్పుకాదు. అంతకంటె ముఖ్యమైనది, ఖర్చులేనిది ఒకటున్నది. పని మొదలుకాకమునుపే దగ్గరి ఇండ్లను ఒక్కొక్కటిగ చూచి, ఇప్పటికే యున్న బీటలను ఇంటివారి ఎదుట, గుత్తేదారు మనిషి ఎదుట, తేదీతో ఛాయాచిత్రము తీసి పంచాయతీ కార్యాలయమున ఉంచుడు. పిమ్మట "ఈ బీట పాతది" "కాదు, నీ యంత్రము వలననే" అను జగడమునకు తావుండదు. న్యాయము ఇంటివానివైపే ఉండునని మేము చెప్పము. పాతబీటకు కొత్తడబ్బు అడిగినవారిని కూడ చూచితిమి. మ్రోత విషయమున 2000 సంవత్సరపు నియమములు నివాస ప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్ల హద్దు పెట్టినవి. రాత్రి పది నుండి ఉదయము ఆరు వరకు రాత్రి క్రింద లెక్క.

చివర పనియున్నదని చెప్పిన పట్టు మాట ఇది. దెబ్బల లెక్క చెప్పినది ఆనాటి నేలను గూర్చియే. పైలును పట్టుకొనియున్న ఇసుక అట్లే యున్నంతవరకే ఆ లెక్క నిజము. వరద వచ్చినప్పుడు నది తానే స్తంభముల చుట్టును కోయును. ఎంత కోయగలదో ఇంజనీర్లు ముందే లెక్కించి అంతకంటె లోతునకు పునాదిని దింపుదురు. ఆ లెక్కలో ట్రాక్టరు లేదు, యంత్రముతో ఇసుక తోడు లారీ లేదు. పైలు చుట్టునుండి మూడు మీటర్ల ఇసుకను తీసితిమనుకొనుడు. పోయినది ఆ మూడు మీటర్ల పట్టు మాత్రమే కాదు. పైనున్న ఇసుక బరువుచేతనే క్రింది ఇసుక పైలును అదిమి పట్టియున్నది. పై బరువు పోగా క్రింది పట్టును సడలును. బావి పునాదికిని ఇదే న్యాయము.

2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము క్రింది నియమములు వంతెనలకు 500 మీటర్ల లోపున ఇసుక తీయరాదనుచున్నవి. మీ ప్రాంతము వంటి షెడ్యూల్డు ప్రాంతములలో ఇసుక వంటి చిన్న ఖనిజముల లీజునకు గ్రామసభ లేక తగిన పంచాయతీ సిఫారసు ముందుగ నుండవలెనని 1996 నాటి పెసా చట్టము చెప్పుచున్నది. సిఫారసు కాగితము మీ బల్లమీదికి వచ్చినప్పుడు, ఆ రేవు వంతెనకు ఎన్ని మీటర్ల దూరమో అందులో వ్రాసియున్నదా యని చూడుడు. వ్రాయనిచో టేపు పట్టుకొని పోయి కొలిచి వ్రాయించి, పిమ్మట చర్చకు పెట్టుడు. ఇసుక ఇల్లు కట్టుకొనువారికి కావలసినదే. ఎచ్చటిదను ప్రశ్నయే మనది.

మాటలతో చెప్పినది చేతితో చేసి చూచిన బోధపడును. బయట చెట్టుక్రింద జామాయిల్ గుంజలు రెండు, దిమ్మిస ఒకటి, అంటించుటకు కాగితము, అడ్డచెక్క, పెన్సిలు సిద్ధముగ నుంచితిమి. ఒక గుంజను గట్టినేలలోను, మరియొకదానిని నిన్న నీరుపోసి తడిపిన మెత్తని నేలలోను నాటుదము. కొట్టుటకు ఇద్దరు, పెన్సిలు పట్టుటకు ఒకరు, రిజిస్టరు వ్రాయుటకు ఒకరు కావలెను. వ్రాయు పనికి మహిళా సభ్యులలో ఒకరు ముందుకు రావలెనని కోరుచున్నాము. చివరి పది దెబ్బలను అందరును పైకి లెక్కపెట్టుడు.